మే మధ్యాహ్నం డైనో మీద 10 హార్స్‌పవర్ తగ్గింది: తప్పు ఎండదా, రీమ్యాప్‌దా?

పాలమూరు_పెట్రోలు
నాది 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు, టర్బో (గాలిని ఇంజిన్‌లోకి ఒత్తి పంపే భాగం) లేదు. జనవరిలో సంక్రాంతి తరువాత హైదరాబాదు శివారులోని ఒక డైనో (చక్రాలను రోలర్ల మీద తిప్పి శక్తి కొలిచే యంత్రం) కేంద్రంలో ఉదయం ఏడున్నరకు పరీక్ష చేయించాను. చక్రాల దగ్గర 74.2 హార్స్‌పవర్ వచ్చినట్టు షీటు చేతికిచ్చారు. ఏప్రిల్‌లో అక్కడే ఈసీయూ రీమ్యాప్ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటరులోని సెట్టింగులను, అంటే మ్యాప్‌ను, మార్చడం) చేయించుకున్నాను, కానీ ఆ రోజు డైనో మరమ్మతులో ఉండటంతో కొలవలేదు. పోయిన ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు మళ్లీ రోలర్ల మీదికి ఎక్కిస్తే 64.0 మాత్రమే వచ్చింది. శక్తి పెంచుకోవడానికి డబ్బు కట్టినవాడికి పది హార్స్‌పవర్ తగ్గిన కాగితం ఇచ్చి, కారణం అడిగితే "ఎండకాలం కదా, అన్ని బండ్లకూ ఇంతే" అని ఒక్క మాటతో పంపించారు. మహబూబ్‌నగర్ నుంచి 44వ జాతీయ రహదారి మీద వంద కిలోమీటర్లు వెళ్లి, ఆ జవాబు విని, మళ్లీ వంద కిలోమీటర్లు వెనక్కి వచ్చాను. ఎండ వల్ల నిజంగా అంత పోతుందా?

దేవరకొండ_గేరు
పోదు. మే నెలలో డిండి దారిలో నా బండి కూడా బద్ధకంగానే లాగుతుంది, కానీ ఏడింట ఒక వంతు శక్తి ఎండకు ఆవిరైపోవడం నేను ఎన్నడూ చూడలేదు. రీమ్యాప్ సరిగ్గా చేయలేదని నా అభిప్రాయం. వెంటనే వెళ్లి కంపెనీ మ్యాప్ తిరిగి వేయించుకుని డబ్బు వాపసు అడగండి.

పానగల్లు_పాఠం
తీర్పు చెప్పే ముందు షీట్లు చూడాలి. నేను పాలిటెక్నిక్‌లో ఇంజిన్ల ల్యాబు నడుపుతాను కనుక ఈ విషయం నాకు ప్రతి ఏడాదీ ఎదురయ్యేదే. డైనో షీటు అడుగున చిన్న అక్షరాలలో గాలి ఉష్ణోగ్రత, పీడనం, తేమ, వాటి పక్కనే ఏ కరెక్షన్ (గాలి తేడాను సరిచేసే లెక్క) వాడారో ఉంటుంది. గ్రాఫు పైన పెద్దగా అచ్చువేసిన అంకె కన్నా ఆ చిన్న గీతే ముఖ్యం. రెండు షీట్లలోనూ అక్కడ ఏముందో రాయండి.

అప్పటివరకు ఒక్క మాట. ఇంజిన్ శక్తి అది పీల్చే గాలి బరువును బట్టి ఉంటుంది. ఒకే పీడనం వద్ద 25 డిగ్రీల గాలి 42 డిగ్రీలకు చేరితే దాని సాంద్రత దాదాపు ఐదున్నర శాతం తగ్గుతుంది. అయితే శక్తి అంతే తగ్గదు. వేడిగాలి ఇన్‌టేక్ (గాలి ఇంజిన్‌లోకి పోయే దారి) గోడల నుంచి కొత్తగా తీసుకునే వేడి తక్కువ, పైగా వాల్వు ఇరుకులో గుండా పోయే గాలి బరువు ఉష్ణోగ్రత వర్గమూలాన్ని బట్టి తగ్గుతుంది. అందుకే టర్బో లేని పెట్రోలు ఇంజినుకు లెక్కలో వర్గమూలం వాడతారు, దాని ప్రకారం తగ్గేది మూడు శాతం లోపే.

పాలమూరు_పెట్రోలు
మీరు చెప్పాక భూతద్దం పెట్టి చూసినంత శ్రద్ధగా చూశాను సార్. జనవరి షీటు మీద 18 డిగ్రీలు, 95.4 కిలోపాస్కళ్లు, తేమ 68 శాతం, దాని పక్కన "ఎస్‌టీడీ" అని ఉంది. మే షీటు మీద 42 డిగ్రీలు, 94.4 కిలోపాస్కళ్లు, తేమ 20 శాతం, పక్కన "అన్‌కరెక్టెడ్" అని ఉంది.

జడ్చర్ల_టైరు
ఇంకేముంది అన్నా, ఒకసారి సేరుతో కొలిచి ఇంకోసారి కిలోలతో తూచారు. ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి తీసివేత చేయకూడదు.

పానగల్లు_పాఠం
జడ్చర్ల తమ్ముడు సరిగ్గా పట్టుకున్నాడు. వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇది తెలియక చాలామంది మోసపోయామని అనుకుంటారు, కొందరు నిజంగానే మోసపోతారు.

ఎస్‌టీడీ అనేది వాహన ఇంజినీర్ల సంస్థ ఎస్‌ఏఈ వారి పాత జే607 పద్ధతి. పొడిగాలి, దాదాపు 15.5 డిగ్రీల ఉష్ణోగ్రత, సముద్రమట్టపు పీడనమైన 101.3 కిలోపాస్కళ్లు ఉన్నట్టు ఊహించి అంకెను అక్కడికి మారుస్తుంది. తరువాత వచ్చిన జే1349 పద్ధతి (ఇక్కడ ఎస్‌ఏఈ అంటే ఇదే) 25 డిగ్రీలు, 99 కిలోపాస్కళ్ల పొడిగాలి పీడనం దగ్గర నిలబడుతుంది. ఎస్‌టీడీ ఊహించే గాలి చల్లగా, చిక్కగా ఉంటుంది కనుక అదే పరుగుకు అది ఎస్‌ఏఈ కన్నా సుమారు 4 శాతం పెద్ద అంకె చూపిస్తుంది. కాబట్టి మీ 74.2ను 1.04తో భాగిస్తే ఎస్‌ఏఈ ప్రకారం 71.3 వస్తుంది.

ఇక మే నెల లెక్క. 42 డిగ్రీల వద్ద 20 శాతం తేమ అంటే నీటి ఆవిరి పీడనం 1.6 కిలోపాస్కళ్లు. 94.4 నుంచి దానిని తీసేస్తే పొడిగాలి పీడనం 92.8. 99ని 92.8తో భాగిస్తే 1.067. కెల్విన్‌లలో 315ను 298తో భాగించి వర్గమూలం తీస్తే 1.028. రెండింటినీ గుణించి, 1.18తో హెచ్చవేసి, 0.18 తీసివేయాలి. ఇంజిన్ లోపలి రాపిడికి పోయే శక్తి వాతావరణంతో మారదని, అది సుమారు 15 శాతమని ఈ సూత్రం అనుకుంటుంది, 1.18 అందుకే వచ్చింది. చివరికి 1.114 తేలుతుంది, ఇదే కరెక్షన్ ఫ్యాక్టర్. 64.0ను దానితో గుణిస్తే 71.3.

అంటే జనవరిలో 71.3, మేలో 71.3. జనవరికి కూడా ఇదే సూత్రం పెడితే ఫ్యాక్టర్ 1.048 వస్తుంది, అంటే ఆ ఉదయం రోలర్ల మీద అసలు పడింది 68. మీరు బాధపడుతున్న పదిలో నిజంగా తగ్గింది 4 మాత్రమే, మిగతా 6 కాగితం మీది తేడా.

దేవరకొండ_గేరు
లెక్క ఒప్పుకుంటాను సార్, కానీ అప్పుడు ఇంకో ప్రశ్న వస్తుంది. రెండూ 71.3 అయితే రీమ్యాప్ వల్ల వచ్చింది సున్నా. ఆయన డబ్బు పోయినట్టేగా?

సాగర్_ఎడమకాలువ
నేను ఈ కరెక్షన్లనే నమ్మను. నేను బండి నడిపేది నల్లగొండ జిల్లా ఎండలో, ఎస్‌ఏఈ వాళ్ల గదిలో కాదు. మే మధ్యాహ్నం నార్కట్‌పల్లి దగ్గర లారీని దాటాలంటే నా కాలి కింద ఉండేది ఆ 64 మాత్రమే, 71 కాదు. లేని శక్తిని కాగితం మీద కలిపి చూపించడం ఎవరికి మేలు?

పానగల్లు_పాఠం
మీ మాటలో సగం పూర్తిగా నిజం. ఆ మధ్యాహ్నం ఆ చక్రాలకు అందింది 64 మాత్రమే, కరెక్షన్ దానికి ఒక్క చుక్క కూడా కలపదు. కానీ రెండు వేర్వేరు రోజుల్లో అదే ఇంజిన్ మెరుగైందా, చెడిందా అని తెలుసుకోవాలంటే గాలి తేడాను పక్కన పెట్టక తప్పదు. వడ్లు అమ్మేటప్పుడు తేమ శాతం చూసి ధర కట్టడం మన మార్కెట్ యార్డులో అందరికీ తెలిసిందే. బస్తా బరువు అబద్ధం కాదు, కానీ అందులో గింజ ఎంత, నీళ్లు ఎంత అన్నది వేరుగా తేల్చాలి.

మిర్యాల_డీజిల్
ఈ 1.114 ఫ్యాక్టర్‌ను పట్టుకుని నా బండికి ఒకరు చేసిన పని చెప్తాను. నాది 2.2 లీటర్ల టర్బో డీజిల్. రైసు మిల్లు పనుల మీద ఏడాదికి నలభై వేల కిలోమీటర్లు తిరుగుతాను. పోయిన ఏప్రిల్‌లో ఒక చోట ట్యూనింగ్ చేయించి డైనో ఎక్కిస్తే, అసలు రీడింగుకు 11 శాతం కలిపి షీటు ఇచ్చారు. మొదట సంతోషించాను. తరువాత చదువుకుంటే తెలిసింది ఏమిటంటే, టర్బో డీజిల్‌కు పెట్రోలు సూత్రం పెట్టడమే తప్పు. నా బండి ఈసీయూ బూస్టును (టర్బో ఒత్తి పంపే గాలి పీడనాన్ని) ఒక నిర్ణీత స్థాయి దగ్గర నిలబెడుతుంది. బయట గాలి పీడనం తగ్గితే టర్బో ఇంకొంచెం వేగంగా తిరిగి ఆ లోటు చాలావరకు పూడుస్తుంది. ఇంజిన్ పోగొట్టుకోని శక్తిని కరెక్షన్ తిరిగి ఇచ్చినట్టు చూపిస్తే అది ఊరికే పెరిగిన అంకె.

ఎండ ప్రభావం నా బండికి లేదని కాదు. అది వేరే దారిలో వస్తుంది. మే నెలలో కోదాడ వైపు నిండు లోడుతో ఎక్కుతుంటే ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే భాగం) దాటిన తరువాత కూడా గాలి 70 డిగ్రీలు చూపించింది, డిసెంబరులో అదే చోట 41 ఉండేది. ఆ తేడా యాక్సిలరేటర్ తొక్కిన కాలికి తెలుస్తుంది.

పానగల్లు_పాఠం
మిర్యాల అన్న చెప్పింది అక్షరాలా సరైనది. ఇంజిన్ శక్తి కొలతకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 1585లో టర్బో డీజిల్‌కు వేరే సూత్రమే ఉంది. అందులో పీడనం ప్రభావం తక్కువ, ఉష్ణోగ్రత ప్రభావం ఎక్కువ, పైగా ఇంజిన్ ఎంత ఇంధనం తీసుకుంటోందన్న లెక్క కూడా కలుస్తుంది.

అందులోనే ఇంకో నియమం ఉంది, దానిని అందరూ గుర్తుపెట్టుకోవాలి. పెట్రోలు ఇంజిన్ పరీక్షకు కరెక్షన్ ఫ్యాక్టర్ 0.93 నుంచి 1.07 మధ్య, గాలి 15 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలి. ఆ హద్దు దాటితే పరిస్థితులన్నీ నివేదికలో స్పష్టంగా రాయాలి. మన 42 డిగ్రీలు, 1.114 రెండూ హద్దు బయటే ఉన్నాయి. నేను పైన తేల్చిన 71.3ను కూడా దగ్గరి అంచనాగానే తీసుకోవాలి. మే నెల మధ్యాహ్నం దక్షిణ తెలంగాణలో తీసిన ఏ డైనో రీడింగునైనా దశాంశం వరకు నమ్మి కొట్లాడుకోవడం అనవసరం.

జడ్చర్ల_టైరు
ఉష్ణోగ్రత కొలిచే ప్రోబు ఎక్కడ వేలాడదీశారో చూశారా? నేను ఒక చోట చూసినప్పుడు ఆ వైరు రేడియేటర్ ఫ్యాను వదిలే వేడిగాలి పక్కనే ఉంది. బయట 42 ఉంటే అది 51 చూపిస్తోంది. అలా చూపిస్తే కరెక్షన్ పెరిగి అంకె దానంతట అదే పెద్దదవుతుంది. టైరు గాలి సంగతి కూడా మరవకండి. మధ్యాహ్నం తారు రోడ్డు మీద వంద కిలోమీటర్లు నడిపి వచ్చిన టైరులో గాలి నాలుగైదు పాయింట్లు పెరిగి ఉంటుంది. రోలరు మీద టైరు ఎంత నలుగుతుందన్నది దానిని బట్టి మారుతుంది. బెల్టులు ఎంత బిగించారన్నది కూడా అంతే.

పానగల్లు_పాఠం
ఈ కారు లెక్కలో 42కు బదులు 51 వేస్తే 1.2 హార్స్‌పవర్ ఉచితంగా కలుస్తుంది. ఆ వైరు స్థానం అంత ముఖ్యం.

పాలమూరు_పెట్రోలు
ప్రోబు వేడి దగ్గర లేదు. కంప్యూటరు బల్ల వెనక గోడకు మేకు కొట్టి తగిలించారు. కారు ముందు ఒకే ఫ్యాను, అది కూడా బంపరు కిందికే కొడుతోంది. బానెట్ తెరిచే ఉంచారు. నా దగ్గర ఉన్న ఓబీడీ పరికరాన్ని (కారు కంప్యూటరు రీడింగులు చూపేది) ఫోనుకు కలిపి చూస్తుంటే మూడో పరుగు ముగిసేసరికి ఇన్‌టేక్ గాలి 58 డిగ్రీలు చూపించింది. మూడు పరుగులలో మొదటిది 65.1, రెండోది 64.6, మూడోది 64.0. వాళ్లు అచ్చువేసి ఇచ్చింది మూడోదాన్ని.

నల్లమల_స్పానరు
అచ్చంపేటలో నాకు పదిహేనేళ్లుగా షెడ్డు ఉంది. ఆ 58 చదవగానే సగం విషయం అర్థమైంది. గోడకున్న ప్రోబు 42 అంటోంది, ఇంజిన్ మాత్రం 58 డిగ్రీల గాలి మింగుతోంది. సూత్రం 42కే పరిహారం ఇచ్చింది.

రెండో సగం టైమింగులో ఉంది. రీమ్యాప్ చేసేవాళ్లు టర్బో లేని బండిలో పెంచగలిగేది చాలా తక్కువ, ప్రధానంగా ఇగ్నిషన్ టైమింగును (స్పార్కు ప్లగ్గు వెలిగే క్షణాన్ని) కొద్దిగా ముందుకు జరుపుతారు. చల్లటి గాలిలో అది పనిచేస్తుంది. ఇన్‌టేక్ గాలి అంత వేడెక్కితే పెట్రోలు తనంతట తానే అంటుకుని నాకింగ్ మొదలవుతుంది. సిలిండర్ బ్లాకుకు బిగించిన నాక్ సెన్సరు, పిడికిలిలో సగం కూడా ఉండని చిన్న ముక్క, ఆ చప్పుడు పట్టుకుని ఈసీయూకు చెప్తుంది. ఈసీయూ వెంటనే టైమింగును వెనక్కి లాగుతుంది. ఇంజినును కాపాడుకోవడానికి అది చేయాల్సిన పనే అది, కానీ మీరు డబ్బు పెట్టి కొన్నది ఆ క్షణంలో మీ చేతిలో ఉండదు. ఈ నష్టం ఏ కరెక్షన్ సూత్రంలోనూ ఉండదు. సూత్రానికి గాలి బరువు మాత్రమే తెలుసు, నాకింగ్ తెలియదు.

అందుకని దేవరకొండ తమ్ముడు అన్నట్టు రీమ్యాప్ సున్నా అని ఇప్పుడే అనలేము. ఉందని కూడా అనలేము. తెల్లవారుజామున రెండు మ్యాపులూ ఒకదాని వెంట ఒకటి వేసి కొలవాలి.

కోయిల్‌సాగర్_గట్టు
వాన పడిన సాయంత్రం నా బండి మెత్తగా, జోరుగా పోతుంది. తేమ వల్ల శక్తి పెరుగుతుందని అందరూ అంటారు. ఇక్కడ తేమను తీసివేస్తున్నారేమిటి?

పానగల్లు_పాఠం
ఆ సాయంత్రం మీకు మేలు చేసింది చల్లదనం, తేమ కాదు. నీటి ఆవిరి గాలిలో చోటు ఆక్రమిస్తుంది, ఆ చోటులో ఉండాల్సిన ఆక్సిజన్ తగ్గుతుంది. 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న ఆగస్టు రోజున ఆవిరి పీడనమే 3.4 కిలోపాస్కళ్లు, అంటే మన పీడనంలో మూడున్నర శాతం. ఉక్కపోత రోజున ఇంజిన్ ఆ మేరకు నష్టపోతుంది. తేమ దహనాన్ని కొంత నెమ్మదింపజేసి నాకింగ్‌ను తగ్గిస్తుంది కనుక నాకింగ్‌తో బాధపడే ఇంజిన్ కొంచెం హాయిగా నడిచినట్టు అనిపించవచ్చు, మీ అనుభవంలో అది కూడా ఉండి ఉంటుంది.

మా ల్యాబు సంగతి ఒకటి చెప్పాలనిపిస్తోంది. అక్కడ ఒక సిలిండరు, 5 హార్స్‌పవర్, 1500 చుట్ల డీజిల్ ఇంజిన్ ఉంది. తాడు బ్రేకుతో కొలుస్తాము. డ్రమ్ము లోపలికి నీళ్లు పోస్తూ ఉండకపోతే తాడు కమురు వాసన వస్తుంది. గాలి పెట్టెకు యూ ఆకారపు గాజు గొట్టం తగిలించి ఉంటుంది. అదే బరువు వేలాడదీసినప్పుడు డిసెంబరు ఉదయం ఆ గొట్టంలో నీటి తేడా 62 మిల్లీమీటర్లు ఉంటే, ఏప్రిల్ మధ్యాహ్నం 58 వచ్చింది. శక్తి మాత్రం మారలేదు, ఎందుకంటే బరువు అంతే, గవర్నరు చుట్లు తగ్గనివ్వలేదు. కానీ పొగ గొట్టం దగ్గర తెల్ల కాగితం పెడితే ఏప్రిల్‌లో మసి ఎక్కువగా అంటింది. డీజిల్ ఇంజిన్ పూర్తి లోడు కన్నా తక్కువలో నడుస్తున్నప్పుడు ఎండ దెబ్బ శక్తిలో కాకుండా పొగలో కనిపిస్తుందని పిల్లలకు ఆ కాగితం చూపించే చెప్తాను.

సాగర్_ఎడమకాలువ
హైదరాబాదు కన్నా నల్లగొండ నూట ఇరవై మీటర్లు కింద ఉంది. ఇక్కడ డైనో ఉంటే కరెక్షన్ లేకుండానే ఒక శాతం పైన ఎక్కువ వచ్చేది.

పానగల్లు_పాఠం
వచ్చేది, పీడనం 1.3 కిలోపాస్కళ్ల దాకా ఎక్కువ ఉంటుంది. కానీ ఇక్కడి మే ఉష్ణోగ్రతలో అందులో కొంత భాగం తిరిగి పోయేది.

పాలమూరు_పెట్రోలు
మూడు వారాల తరువాత వస్తున్నాను. నల్లమల అన్న చెప్పినట్టే చేశాను. కేంద్రం వాళ్లకు ఈ లెక్కలన్నీ ఒక కాగితం మీద రాసి చూపిస్తే, మొదట ముఖం చిట్లించినా, తరువాత యజమాని స్వయంగా కూర్చుని చదివి, మళ్లీ కొలవడానికి డబ్బు తీసుకోకుండా ఒప్పుకున్నారు. ముందు రాత్రే హైదరాబాదులో బంధువుల ఇంట్లో పడుకుని, ఉదయం ఆరింటికి అక్కడికి చేరాను. ప్రోబును ఎయిర్ ఫిల్టర్ నోటి దగ్గరికి మార్పించాను. రెండో ఫ్యాను పెట్టించాను. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి సరిచూసుకున్నాను. గేరు నాలుగో దానిలోనే ఉంచాము. ప్రతి పరుగుకూ మధ్య ఓబీడీలో ఇన్‌టేక్ గాలి 34 డిగ్రీలకు దిగేవరకు ఆగాము.

గాలి 28 డిగ్రీలు, 94.6 కిలోపాస్కళ్లు, తేమ 60 శాతం. ఎస్‌ఏఈ ఫ్యాక్టర్ 1.092. కంపెనీ మ్యాపుతో మూడు పరుగుల సగటు 65.3, కరెక్షన్ తరువాత 71.3. అరగంటలో కొత్త మ్యాప్ వేసి మళ్లీ మూడు పరుగులు తీస్తే సగటు 66.8, కరెక్షన్ తరువాత 72.9.

నల్లమల_స్పానరు
1.6 హార్స్‌పవర్, అంటే రెండు శాతం పైన. టర్బో లేని 1.2 లీటర్ల ఇంజినుకు ఇది నిజాయితీ గల అంకె. ఇంతకన్నా ఎక్కువ ఎవరైనా మాట ఇచ్చి ఉంటే ఆ మాట తప్పు.

పాలమూరు_పెట్రోలు
ఎనిమిది నుంచి పది వస్తుందని మాట ఇచ్చారు. దాని మీద నేను ఇంకా గట్టిగానే అడుగుతున్నాను, సగం డబ్బు తిరిగి ఇస్తామన్నారు.

దేవరకొండ_గేరు
మొదట నేను రాసింది తొందరపాటు. ఎండను పూర్తిగా తోసిపుచ్చాను. కానీ ఒకటి అడగాలి సార్: జనవరిలో రోలర్ల మీద అసలు పడింది 68, జూన్‌లో అదే కంపెనీ మ్యాపుతో 65.3. 28 డిగ్రీలు అంత వేడి కూడా కాదు. ఆ 2.7 ఎక్కడికి పోయింది?

పానగల్లు_పాఠం
మంచి ప్రశ్న. 18 నుంచి 28 డిగ్రీలకు చేరడం వల్ల కొంత, రుతుపవనాల ముందు పీడనం తగ్గడం వల్ల కొంత, ఆవిరి పెరగడం వల్ల కొంత పోయింది. మూడూ కలిసి నాలుగు శాతం. అందుకే కరెక్షన్ చేస్తే రెండు చోట్లా ఒకే 71.3 తేలింది, కంపెనీ మ్యాపుతో ఇంజిన్ ఏమీ చెడలేదని అదే సాక్ష్యం. మే మధ్యాహ్నం కొత్త మ్యాపుతో 72.9 రావాల్సింది 71.3 దగ్గర ఆగింది కదా, ఆ 1.6 మాత్రం 58 డిగ్రీల ఇన్‌టేక్ గాలి, వెనక్కి లాగిన టైమింగు కలిసి తిన్నవి.

మిర్యాల_డీజిల్
నా డీజిల్‌ను కూడా అక్కడికే తీసుకెళ్లి సరైన సూత్రంతో కొలిపించాలనుకుంటున్నాను. ఎన్ని గంటలకు చేరితే మంచిది?

పాలమూరు_పెట్రోలు
ఆరింటికే షట్టరు తీయించండి అన్నా. అది రేకుల షెడ్డు, ఎనిమిదిన్నర దాటాక లోపల నిలబడలేము. మొదటి పరుగు వేసే ముందు షీటు మీద ఏ కరెక్షన్ పెట్టారో తెర మీదే చూసుకోండి, ప్రోబు మళ్లీ గోడ మీదికి పోయి ఉంటే దింపించండి.